స్టీరింగ్ రాక్ మార్చే ముందు బ్యాటరీ చూడండి

ప్రశ్న: మాది పదేళ్లు దాటిన హైబ్రిడ్ కారు. నడుస్తుండగా పవర్ స్టీరింగ్ పోయి లైటు వెలుగుతోంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ మామూలే. మెకానిక్ రాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను మళ్లించే భాగం) మొత్తం మార్చాలంటున్నాడు. మార్చాల్సిందేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తొందరపడకండి. ఆఫ్ చేస్తే సర్దుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది కరెంటునే. ఈ కార్లలో స్టీరింగ్‌కు సాయపడేది ఆయిల్ పంపు కాదు, మోటారు. చాలా మోడళ్లలో దానికి కరెంటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ వైపు నుంచే వస్తుంది. మామూలు కారులో ఆ బ్యాటరీ నీరసిస్తే సెల్ఫ్ కొట్టదు, మనకు తెలిసిపోతుంది. హైబ్రిడ్‌లో ఇంజిన్‌ను తిప్పేది పెద్ద బ్యాటరీ. అందుకే చిన్నది సగం చచ్చినా బండి కదులుతుంది. పైగా మన అనంతపురం ఎండలు బ్యాటరీని ఇంకా త్వరగా నీరసింపజేస్తాయి!

రాత్రంతా ఆగిన బండికి మల్టీమీటరు పెట్టండి. 12.6 వోల్టులుంటే సరే. 12.2 కన్నా తగ్గితే ఛార్జ్ చేసి లోడ్ టెస్ట్ (కరెంటు లాగినప్పుడు బ్యాటరీ నిలబడుతుందో లేదో చూసే పరీక్ష) చేయించండి. బండి కదలడానికి సిద్ధమని చెప్పే ‘రెడీ’ లైటు వెలిగాక సుమారు 13.5–14.5 రావాలి, రాకపోతే పెద్ద బ్యాటరీ కరెంటుతో చిన్నదాన్ని ఛార్జ్ చేసే కన్వర్టర్ వైపు చూడాలి. తర్వాత ఎర్త్, అంటే బ్యాటరీ నెగెటివ్‌ను బాడీకి కలిపే తీగ చూడండి. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే బ్యాటరీ నెగెటివ్‌కూ బాడీకీ మధ్య కొలవండి. 0.2 వోల్టు దాటితే బోల్టు విప్పి, తుప్పు గీకి బిగించండి. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం పోవద్దు, వాటిలో ఉండేది ప్రాణాంతకమైన హై వోల్టేజీ.

ఇవన్నీ బాగుంటే అప్పుడు కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. టార్క్ సెన్సర్ (స్టీరింగ్‌ను ఎంత బలంతో తిప్పుతున్నామో కొలిచేది) కోడ్ వస్తే, దాన్ని మార్చాక జీరో కాలిబ్రేషన్, అంటే దాని సున్నా స్థానం సరిచేయించడం తప్పనిసరి. పార్కింగ్‌లో చక్రాలు చివరిదాకా తిప్పి పట్టుకుంటే మోటారు వేడెక్కి స్టీరింగ్ బరువవడం మాత్రం లోపం కాదు.