మాయలో దాగే మలేరియా

ప్రశ్న: ఆఫ్రికాలో మలేరియా తొలిచూలు గర్భిణులను ఎక్కువగా బాధిస్తుందని చదివాను. చిన్ననాటి నుంచి ఆ జ్వరానికి అలవాటుపడిన వారికి మళ్ళీ ముప్పు ఎందుకు? టీకా ఎందుకు ఆలస్యమవుతోంది?
– ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: మలేరియా కలిగించే ఫాల్సిపారమ్ అనే పరాన్నజీవి తనకున్న, వార్ అనే పేరుగల సుమారు 60 జన్యువులలో సాధారణంగా ఒక్కసారికి ఒక్కదానినే వాడుకుంటూ, తాను దాగిన ఎర్ర రక్తకణానికి వేర్వేరు మాంసకృత్తుల తొడుగులు మారుస్తుంది. బాల్యంలో శరీరం గుర్తుపట్టిన తొడుగులు వేరు; మాయలోని (గర్భంలో శిశువుకు పోషణ అందించే ప్లాసెంటాలోని) కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఎ అనే పదార్థానికి అతుక్కునే వార్2సిఎస్ఎ అనే తొడుగు వేరు. ఈ అతుకును 1996లో ఫ్రీడ్, డఫీ అనే శాస్త్రవేత్తలు వెల్లడించారు. మాయ ఏర్పడేదే గర్భంలో కాబట్టి, ఈ తొడుగును ఎదిరించే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తొలిచూలులో దాదాపు ఉండవు, తరువాతి కాన్పులకు క్రమంగా సమకూరుతాయి.

టీకాకు అసలు చిక్కు పరాన్నజీవి వైవిధ్యమే. వ్యాధి ఉధృతంగా ఉన్న చోట ఒకే గర్భిణి రక్తంలో జన్యుపరంగా భిన్నమైన పలు రకాలు కలిసి ఉండడం మామూలే. పైగా అవి దోమ కడుపులో కలిసి కొత్త మేళవింపులను పుట్టిస్తాయి. వార్2సిఎస్ఎ కూడా రకరకాలుగా ఉంటుంది. అందుకే బుర్కినా ఫాసోలో ప్రైమ్‌వ్యాక్, బెనిన్‌లో ప్యామ్‌వ్యాక్ అనే వార్2సిఎస్ఎ ఆధారిత టీకాలు తొలిదశ పరీక్షలలో సురక్షితమని తేలినా, వాటివల్ల పుట్టిన ప్రతిరక్షకాలు టీకాలో వాడిన రకాన్ని అడ్డుకున్నంతగా మిగతా రకాలను అడ్డుకోలేకపోయాయి.