మెమరీ కార్డు చెరిపేస్తే నష్టపోయేది ఎవరు?

ప్రశ్న: నేను స్వతంత్ర ఫొటోగ్రాఫర్‌ని. గాజా యుద్ధంలో ఇజ్రాయెల్‌కు మన ప్రభుత్వం అండగా నిలవకూడదని, మన దేశం నుంచి ఆయుధాలు అక్కడికి వెళ్లకూడదని హైదరాబాద్‌లో నిరసన తెలుపుతున్న వారిని ఏడాదిగా వీడియో తీస్తున్నాను. గత నెల ధర్నాలో తోపులాట జరిగింది. ఒక విద్యార్థిని కానిస్టేబుల్‌ను నెట్టిందని కేసు పెట్టారు. ఆ సమయంలో ఆమె దూరంగా ప్లకార్డు పట్టుకుని నిలబడి ఉన్నట్టు నా వీడియోలో స్పష్టంగా ఉంది. ఇప్పుడు కెమెరా, మెమరీ కార్డు తీసుకురమ్మని పోలీసుల నుంచి నోటీసు వచ్చింది. నన్ను నమ్మిన వాళ్ల ముఖాలను పోలీసులకు ఎలా అప్పగించను? అన్నీ చెరిపేసి, కార్డు పోయిందని చెప్పమంటున్నారు మిత్రులు. వీడియోలు లాప్‌టాప్‌లో కాపీ చేసుకున్నాను. అదే కార్డుతో తర్వాత మేనమామ కూతురి పెళ్లి కూడా తీశాను. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నాలుగు పేజీల మీ ఉత్తరంలో యుద్ధం గురించి, మీ మనస్తాపం గురించి చాలా రాశారు గానీ, ఆ నోటీసు ఏ సెక్షన్ కింద వచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. మీ వ్యవహారమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతి ఆపాలన్న ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని, విదేశాంగ విధానంలో తాము జోక్యం చేసుకోలేమంటూ సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 9న తోసిపుచ్చింది. నగర శివార్లలో ఇజ్రాయెల్ సంస్థ భాగస్వామ్యంతో 2018లో ప్రారంభమైన డ్రోన్ల కర్మాగారం గురించి మీరు రాసిన రెండు పేజీలు కూడా మేజిస్ట్రేటు ముందు మీకు అక్కరకు రావు.

భారతీయ నాగరిక సురక్షా సంహిత (దర్యాప్తు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం)లోని 94వ సెక్షన్ కింద నోటీసు వచ్చి, మీరు సాక్షి మాత్రమే అయితే, అడిగిన వస్తువును చూపించాల్సిందే. మీరే స్వయంగా వెళ్లనక్కరలేదు, వేరొకరి ద్వారా పంపినా చాలని ఆ సెక్షనే చెబుతోంది. అలా కాక అదే సంహితలోని 35(3) కింద వచ్చి ఉంటే, మిమ్మల్నీ నిందితుల జాబితాలో చూస్తున్నారని అర్థం. అప్పుడు హాజరు కాకపోతే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టవుతుంది. అయితే, నిందితుడి చేత ఈ 94 నోటీసుతో అతనికి వ్యతిరేకమైన పత్రాలు తెప్పించుకోవడం కుదరదని పాత చట్టం కింద అరవయ్యేళ్ల కిందటే సుప్రీంకోర్టు తేల్చింది. దాన్ని చూసుకుని ధీమా పడకండి, సోదా చేసే అధికారం పోలీసులకు వేరే ఉంది.

మిత్రుల సలహా మాత్రం చెవిన పెట్టకండి. సాక్ష్యంగా రాకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపేస్తే నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని 241వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. ఈ రోజు సాక్షిగా ఉన్నవారు రేపటికి ముద్దాయి అవుతారు. పైగా ఆ విద్యార్థిని నిర్దోషి అని చూపించేది బహుశా మీ వీడియో ఒక్కటే. చుట్టుపక్కల దుకాణాల సీసీ కెమెరాల్లో పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డవుతుంటాయి కాబట్టి, నెల దాటాక అక్కడ ఏదైనా మిగిలి ఉంటుందన్న ఆశ తక్కువ. మీరు ఎవరిని కాపాడాలనుకుంటున్నారో ఆ అమ్మాయికే మీ చేతులతో అన్యాయం చేసినవారవుతారు.

ఇక ఆ పెళ్లి సంగతి. కోర్టుకు వెళ్లాల్సిన వీడియో ఉన్న కార్డును మళ్లీ కెమెరాలో పెట్టి పెళ్లి తీయడమేమిటి? లాప్‌టాప్‌లో ఉన్నది నకలు. నకలు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63(4) సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం ఉండాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంకేతం) అందులో నమోదు కావాలి. ధ్రువపత్రం తప్పనిసరి అని, అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టులో చూపితే మాత్రం అక్కరలేదని పాత చట్టం కింద 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ కార్డుకు అంత విలువ. ఫైళ్లు దానిలో ఇంకా ఉంటే ఈ క్షణం నుంచి దాన్ని ముట్టుకోకండి. ముఖాలు మసకబరచాలంటే నకలులోనే చేయండి.

ఆ కార్డును ఎంతకాలం భద్రపరచాలంటారా? న్యాయ సంహితలో ప్రభుత్వోద్యోగిపై దౌర్జన్యానికి సంబంధించిన 132వ సెక్షన్‌కు రెండేళ్ల వరకు శిక్ష ఉంది కాబట్టి, కోర్టు కేసును విచారణకు స్వీకరించడానికి మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. కేసు నడిస్తే అది ముగిసేదాకా భద్రపరచాలి. అదే సంహితలో నిషేధాజ్ఞల ఉల్లంఘనకు సంబంధించిన 223వ సెక్షన్ ఒక్కటే అయితే పరిమితి ఏడాది దాటదు, దానికీ సంబంధిత అధికారి రాతపూర్వక ఫిర్యాదు లేనిదే కోర్టు కేసు స్వీకరించకూడదు. ఈ మాట ఆ అమ్మాయి న్యాయవాదికి చేరవేయండి.

మిమ్మల్ని నమ్మిన వారి విషయానికి చట్టబద్ధమైన దారి ఉంది. కేసు ఒక్క రోజు ఘటనకు సంబంధించినది గనుక ఆ రోజు వీడియోలు మాత్రమే అందజేస్తామని, మిగతా ఏడాది దృశ్యాలకు ఈ దర్యాప్తుతో సంబంధం లేదని న్యాయవాది ద్వారా గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. కార్డును మీ సమక్షంలోనే కాపీ చేసి, హాష్ విలువను పంచనామాలో రాయమని అదే జవాబులో కోరండి. అయినా కెమెరా స్వాధీనం చేసుకుంటే రసీదు తీసుకుని, దాన్ని తిరిగి ఇప్పించమని నాగరిక సురక్షా సంహితలోని 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందుగా ఆ నోటీసు తీసి, పైన ఏ సెక్షన్ రాసి ఉందో, హాజరు కావాల్సిన తేదీ ఏదో చూసుకోండి.