మూడు నెలలు ఎందుకు ఆగమన్నారు?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఆరేళ్లుగా ఎడమకన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేనంత నొప్పి వస్తోంది. యువైటిస్ అన్నారు. చుక్కలు వేస్తే తగ్గుతుంది, మానితే మళ్లీ వస్తుంది. ఇప్పుడు ఆ కంట్లో శుక్లం కూడా వచ్చింది. మా అత్తగారికి శుక్లం ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది. నాకు మాత్రం కన్ను మూడు నెలలు నెమ్మదిగా ఉంటేనే చేస్తామన్నారు. రెండు నెలలు ఆగాక మళ్లీ ఎర్రబడింది, లెక్క మొదటికొచ్చింది. ఇంకోచోట వెంటనే చేస్తామంటున్నారు. చేయించుకోనా? నాకు షుగర్ ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. మీ డాక్టరుగారు చెప్పిందే సరైన మాట. రెండు నెలలు ఓపిక పట్టాక లెక్క మొదటికొస్తే ఎంత నీరసం వస్తుందో నాకు తెలుసు. అయినా ఆగండి.

మీ అత్తగారి శుక్లం వయసుతో వచ్చింది. మీది యువైటిస్, అంటే కంటిలోపలి వాపు వల్ల వచ్చింది. ఆ వాపు తగ్గించడానికి ఏళ్లుగా వేసుకున్న స్టిరాయిడ్ చుక్కలూ దానికి తోడయ్యాయి. ఆపరేషన్ అంటే ఎంత చిన్నదైనా గాయమే. మామూలు కన్ను ఆ గాయాన్ని కొద్ది వారాల్లో మరిచిపోతుంది. మీ కన్ను దానికే మండిపడుతుంది. కొత్త లెన్స్ మీద జిగురులాంటి పొర కడుతుంది. కంటి వెనక ఉండే తెర, అంటే రెటీనా మధ్యలో నీరు చేరుతుంది. అప్పుడు ఆపరేషన్ బాగా జరిగినా గీతలు వంకరగా, అక్షరాలు మసకగా కనిపిస్తాయి. కుట్టుపని చేసే మీకు ఆ మధ్యచూపే ప్రాణం.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో ఒక రైతు కూతురి పెళ్లి దగ్గర పడిందని బతిమాలితే, కన్ను నెమ్మదించి మూడు వారాలే అయినా ఆపరేషన్ చేశాను. మూడో రోజుకి కనుపాప మీద తెల్లటి పొర కట్టింది. పెళ్లిపందిట్లో ఆయన ఆ కంటికి గంతతోనే కూర్చున్నాడు. అది కరగడానికి ఆరు వారాలు పట్టింది. ఆ తర్వాత ఎవరి పెళ్లి కోసమూ నేను తొందరపడలేదు.

ఎరుపు పోయిందంటే వాపు పోయినట్టు కాదు. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ కింద చూస్తేనే లోపలి ద్రవంలో తేలే కణాలు కనిపిస్తాయి. అవి పూర్తిగా పోయిన రోజు నుంచే మూడు నెలల లెక్క. ఆగకూడని సందర్భం ఒకటుంది: శుక్లం పొర నుంచి పదార్థం కారి, అదే వాపు తెస్తుంటే ఆలస్యం చేయరు. మీ ఉత్తరం చదివితే మీది అది కాదనిపిస్తోంది, కానీ డాక్టరుగారిని ఒకసారి అడగండి.

ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందు నుంచే స్టిరాయిడ్ మాత్రలు ఇస్తుంటారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. వాటితో షుగర్ పెరుగుతుంది. కాబట్టి షుగర్ డాక్టరుకు ముందే చెప్పండి, కొన్నాళ్లు ఇన్సులిన్ కావాల్సి రావచ్చు. భయంతో మాత్రలు మాత్రం ఉన్నట్టుండి ఆపేయకండి. ఇన్నేళ్ల వాపుకి కనుపాప అంచు లోపలి లెన్స్‌కు అతుక్కుని ఉంటే, దాన్ని విడదీసి చిన్న కొక్కేలతో తెరిచి ఉంచాలి. అందుకే మీది పావుగంటలో అవ్వకపోవచ్చు. దానికి టెన్షన్ పడకండి.

చూపు ఎంత వస్తుందన్నది వెనక ఉన్న రెటీనా మీద ఆధారపడుతుంది. రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ తీయించమనండి. కంటి ప్రెషర్ కూడా చూడమనండి, స్టిరాయిడ్ చుక్కలు దాన్ని పెంచవచ్చు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఆరేళ్లుగా వాపు తిరగబెడుతున్నా కారణం వెతికిన పరీక్షల మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేకపోవడం. మన దగ్గర టీబీ ఒక ముఖ్య కారణం, చేతికి సూది వేసి చూసే మాంటూ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అవసరం. పొద్దున లేవగానే నడుము బిగుసుకుపోయి, తిరిగితే సడలుతుందా? అది కీళ్ల జబ్బు గుర్తు కావచ్చు, తప్పక చెప్పండి. చుక్కలు ఆపగానే తిరగబెట్టే కంటికి ఒంటి రోగనిరోధక శక్తిని అదుపు చేసే మెథోట్రెక్సేట్ లాంటి మందు ఇవ్వాల్సి రావచ్చు. మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు.

మీ కొలతల పుస్తకంలో ఒక పేజీ కంటికి కేటాయించండి. చుక్కలు రోజుకి ఎన్నిసార్లకు తగ్గించారో, కన్ను ఏ తేదీన ఎర్రబడిందో రాసుకోండి. ఎన్ని చుక్కలకు దిగితే వాపు తిరగబెడుతోందో ఆ పేజీ చూస్తే మీ డాక్టరుగారికి తెలిసిపోతుంది.