పాతపేటలో ఇల్లు: ఉబ్బే గోడలు, పక్కింటి తవ్వకాలు

ప్రశ్న: నగరం నడిబొడ్డున, ఈమధ్యే బాగా గిరాకీ పెరిగిన పాతపేటలో ఇటుకా సున్నంతో కట్టిన ఇల్లు కొన్నాం. అమ్మినవాళ్లు గోడలకు కొత్తగా సిమెంటు ప్లాస్టరు, మెరిసే పెయింటు వేయించారు. ఏడాది తిరక్కుండానే నడుమెత్తు దాకా పెయింటు బుడగలు కట్టి రాలుతోంది. వాటర్‌ప్రూఫ్ పూత వేయించమంటారా?

జవాబు: వేయించకండి, చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. సున్నపు గోడ నేలలోంచి పీల్చుకున్న తడిని ఒళ్లంతా ఆరబెట్టుకుంటుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. ఒక బుడగను గోటితో గీకి చూడండి. వెనక తెల్లటి పొడి రాలితే అది ఉప్పు. తడి ఆరినచోట ఉప్పు గడ్డకట్టి ప్లాస్టరును లోపలినుంచి నెడుతుంది. అమ్మకానికి ముందు ఇలా పైమెరుగులు దిద్దడం ఇలాంటి పేటల్లో మామూలైపోయింది. ఆ భారం కొన్నవాళ్ల మీద పడటం అన్యాయమే.

ముందు బయట చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసి, కొత్త రాళ్లు పరిచి వీధి మట్టం పెంచేసి ఉంటారు. బయటి నేల లోపలి గచ్చు కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందుండాలి. మీ స్థలంలో వీలుంటే మట్టి తీయించండి, పునాది అడుగు మాత్రం బయటపడకూడదు. వాననీటి గొట్టాలు కారుతున్నాయేమో కూడా చూడండి.

తర్వాత చెమ్మ గీతకు 30 సెంటీమీటర్ల పైదాకా సిమెంటు చెక్కించండి. సుత్తి, ఉలితోనే. మెషిన్ పెడితే పాత ఇటుక మొహం ఊడి వచ్చేస్తుంది. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి; నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఇక ఆరనివ్వాలి. గోడ మందంలో ప్రతి 25 మిల్లీమీటర్లకు నెల చొప్పున ఓ అంచనా. 23 సెంటీమీటర్ల గోడకు దాదాపు తొమ్మిది నెలలు. తొందరపడి చాలామంది పనంతా పాడుచేసుకునేది ఇక్కడే. ఆరాక ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో, పొర 10 మిల్లీమీటర్లు మించకుండా పూయించి, పైన సున్నం వెల్ల వేయించండి. ఎమల్షన్ వద్దు.

ప్రశ్న: పక్కిల్లు కొన్నవాళ్లు సెల్లార్ తవ్వబోతున్నారు. మధ్యది ఉమ్మడి గోడ. మేమేం జాగ్రత్త పడాలి?

జవాబు: పార పడకముందే ఇంజనీరుతో మీ ఇల్లంతా చూపించి, ఉన్న ప్రతి పగులునూ స్కేలు పక్కన పెట్టి, తేదీతో ఫొటో తీయించండి. ఆ నివేదిక మీద ఇరువైపులవారూ సంతకం చేయాలి. ఇది లేకుంటే, తర్వాత ఏ పగులు పాతదో తేల్చడం కష్టం.

పాత ఇళ్ల పునాదులు తరచూ లోతు తక్కువ. గోడ పొడవునా ఒకేసారి తవ్వితే కింది మట్టి పక్కకు జారి గోడ కుంగుతుంది. అందుకే మీటరు చొప్పున, పక్కపక్క ముక్కలు కాకుండా విడివిడిగా తవ్వి, ఒక్కోచోట కాంక్రీటు పోసి గట్టిపడ్డాకే తర్వాతి ముక్కకు వెళ్లాలి. ఆ క్రమం డ్రాయింగులో ఉందా అని అడగండి. ఊటనీరు తోడేస్తారా అన్నదీ అడగండి, దానివల్లా నేల కుంగుతుంది.

పగులుకు అటొకటి ఇటొకటి స్క్రూ బిగించి, వాటి మధ్య దూరాన్ని సన్నటి తేడాలు కొలిచే వెర్నియర్ కాలిపర్‌తో వారానికోసారి కొలిచి రాయండి. వెంట్రుకవాసి పగులు ప్లాస్టరుదే కావచ్చు. వారం వారం పెరుగుతున్నా, 5 మిల్లీమీటర్లు దాటినా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా పని ఆపించి ఇంజనీరును పిలవండి.