రాగి డబ్బు తోమొద్దు

బరంపురం

అమ్మడూ,

పర్లాకిమిడిలో ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు, అప్పుడే సంతలో ఈస్టిండియా కంపెనీవాళ్ల రాగి డబ్బులు ఏరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "అన్నయ్యా, నీ పిచ్చి దీనికీ అంటుకుంది" అని నన్నే తిట్టింది. నవ్వొచ్చింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నాణేన్ని అంచులు పట్టుకునే చూడు. పీవీసీ కవర్లలో పెట్టకు, ఆకుపచ్చ జిడ్డు పడుతుంది. 1808 నాటి ఇరవై కాసుల నాణేలు దొరికితే గంతులెయ్యకు. వాటిని తెస్తున్న ఓడ ఒకటి 1809లో ఇంగ్లండు దగ్గరే మునిగింది. 1980లలో ఆ సరుకు పైకి తీశారు, ఇప్పుడు కొదవలేదు.

తోమడం సంగతి వేరు. మన ఇత్తడి సామాన్ల కొట్టుకి పాత రాగి తూకానికి వచ్చేది కదా, ఆ తుక్కులో ఒకసారి 1797 నాటి డబ్బు దొరికింది. బర్మింగ్‌హాంలో యంత్రం మీద కొట్టి, మన ఉత్తర సర్కార్లకని పంపినది. రూపాయికి 48 అని ఇంగ్లీషులో దాని మీదే ఉంటుంది. కాఫీగింజ రంగు, ఎంత నున్నగా ఉందనీ! బిందెలు తోమే చెయ్యి ఊరుకుంటుందా? చింతపండు, ఉప్పు వేసి రుద్దేశాను. నిమిషంలో తళతళలాడింది. మీ అత్తయ్యకి చూపించి మురిసిపోయాను కూడా. పది రోజులకి విశాఖ నుంచి నాణేలు తెలిసిన పెద్దాయన వచ్చాడు. భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి, "తోమేశారా?" అన్నాడు. బల్ల మీద పెట్టేసి మంచినీళ్లడిగాడు. ఇంకేం మాట్లాడలేదు. దాదాపు రెండు వందల ఏళ్లకి పట్టిన పైపొర నా చేత్తోనే పోగొట్టాను. తర్వాత మచ్చలు మచ్చలుగా నల్లబడింది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, గుడ్డతో అద్దు. రుద్దకు.

నా టెన్షన్ ఇంకోటి. రాముడి బొమ్మ వేసి 'ఈస్టిండియా కంపెనీ 1818' అని ఉన్న బిళ్ల చూపించి, ఇది బియ్యాన్ని లాగుతుంది, ఇందులో ఇరిడియం అనే ఖరీదైన లోహం ఉందని ఎవడన్నా అంటే మారు మాట్లాడకుండా వచ్చేయ్. కంపెనీ అలాంటివి కొట్టలేదు. బియ్యానికి ముందే ఇనుప రజను పట్టిస్తారు, లాగేది అయస్కాంతం. వాళ్లు రమ్మన్న లాడ్జికి ఒక్కదానివే వెళ్లావని తెలిస్తే, మీ అమ్మకంటే ముందు నేనొచ్చి చెవి మెలేస్తాను. పొలంలో తవ్వితే దొరికిందన్నా కొనకు. పది రూపాయలు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకి చెప్పాలని 1878 చట్టం.

దసరాకి వస్తావుగా? నీవి ఒక్కోటీ విడిగా కాగితంలో చుట్టి తే. నా తోమిన డబ్బు గల్లాపెట్టెలోనే ఉంది, చూపిస్తాను. ఇవ్వను.

మావయ్య