హిస్టరీ, ఎకనామిక్స్ కలిపి చదవొచ్చా?

ప్రశ్న: హిస్టరీ అంటే ప్రాణం, లెక్కలూ పర్వాలేదు. రెండూ కలిపి జాయింట్ డిగ్రీ చేస్తానంటే ఇంట్లో ‘రెండు పడవల మీద కాళ్లెందుకు’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: అంత టెన్షన్ అక్కర్లేదండి, ఈ రెండూ ఒకదానికొకటి పనికొస్తాయి. ఒక ఉదాహరణ చూడండి. 1923 నవంబరులో జర్మనీలో ఒక్క డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులు (అప్పటి జర్మనీ కరెన్సీ) ఇవ్వాల్సి వచ్చింది. నోట్లు మరీ ఎక్కువ అచ్చేస్తే ధరలు పెరుగుతాయని ఎకనామిక్స్ చెబుతుంది, కానీ ఆ ప్రభుత్వం అన్ని నోట్లు ఎందుకు అచ్చేసిందో తెలియాలంటే మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడినందుకు జర్మనీ కట్టాల్సిన పరిహారాలు, దాని పారిశ్రామిక ప్రాంతమైన రూర్‌ని ఫ్రాన్స్, బెల్జియం ఆక్రమించడం, అక్కడి కార్మికుల సమ్మె గురించి చదవాల్సిందే. 2023లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చేసిందీ ఇలాంటి పనే. పాత అమెరికా జనాభా లెక్కల్లో, పొలంలో పనిచేసే ఆడవాళ్లకి కూడా వృత్తి దగ్గర ‘భార్య’ అని రాసి ఊరుకునేవారు, ఆవిడ వేరే రికార్డులు తిరగేసి ఆ అంకెల్ని సరిదిద్దారు.

ఇబ్బంది లేదనను. స్టాటిస్టిక్స్ లెక్కలూ పెద్ద వ్యాసమూ ఒకే వారం మీద పడతాయి. చేరేముందు సిలబస్ తెప్పించుకుని ఎకనామిక్ హిస్టరీ, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాల్ని స్టాటిస్టిక్స్‌తో పరీక్షించే సబ్జెక్టు) ఉన్నాయేమో చూడండి. రెండు సబ్జెక్టుల్నీ పక్కపక్కన పడేసి, కలిపే పేపరు ఒక్కటీ పెట్టని కోర్సయితే నేను వద్దనే అంటాను. తర్వాత ఎకనామిక్స్‌లో పీజీ ఆలోచన ఉంటే మాత్రం మ్యాథ్స్ పేపర్లు వదలకండి.