నందివర్ధనంలో నంది ఎవరు?

సందేహం: మొన్న కడియంలో ఒక నర్సరీకి వెళ్తే మొక్క కుండీకి 'నందివర్థనం' అని చీటీ కట్టి ఉంది. మా అత్తగారు 'నందివర్తనం' అంటారు. పాప పుస్తకంలో 'నందివర్ధనం' అని ఉంది. ఏది ఒప్పు? శివుడి నందికీ ఈ పువ్వుకీ సంబంధం ఏమిటి? గరుడవర్ధనం మాటేమిటి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, ముందు ఆ చీటీ సంగతి తేల్చేద్దాం. 'వర్థనం' అనే మాట లేదు. వృద్ధి, వర్ధమానం, వర్ధిల్లడం అన్నీ వృధ్ ధాతువు పిల్లలు. అక్కడ ధ తప్ప ఇంకోటి కుదరదు. థ కడుపులో చుక్క ఉంటుంది, ధకు ఉండదు. ఆ ఒక్క చుక్కను పట్టించుకోక హర్షవర్ధనుణ్ణి హర్షవర్థనుణ్ణి చేస్తున్నారు, అర్ధరాత్రిని అర్థరాత్రి చేస్తున్నారు. బడిలో మొదటి ఏడాదే చేతికి రావలసిన తేడా ఇది. పెద్దవాళ్ళ రాతల్లో కూడా కనబడుతుంటే బాధగా ఉంటుంది.

మీ అత్తగారి 'నందివర్తనం' మాత్రం వేరు. దాన్ని పల్లె ఉచ్చారణ అని కొట్టిపారేయకండి. అసలు మాట ఆవిడ నోట్లోనే ఎక్కువ మిగిలిందని నా నమ్మకం.

రేపు పొద్దున్నే ఒక పువ్వు కోసి చూడండి. ముద్ద నందివర్ధనం కాదు, రేకది. తొడిమ తెగిన చోట పాలు కారి వేలికి జిగురుగా అంటుకుంటాయి. సన్నటి గొట్టం చివర అయిదు తెల్లని రేకులు. ఒక్కటీ తిన్నగా ఉండదు. అయిదూ ఒకే వైపుకు ఒరిగి, అంచులు మెలిదిరిగి, ఊదితే తిరుగుతుందేమో అనిపించే గాలిమరలా ఉంటాయి. ఈ సుడికే సంస్కృతంలో 'ఆవర్తం' అని పేరు. దక్షిణావర్త శంఖంలో ఉన్నది ఈ ఆవర్తమే. 'నంది' అంటే ఆనందం. రెండూ కలిస్తే నంద్యావర్తం, శుభాన్నిచ్చే సుడి. స్వస్తికం కొమ్మలు ఇంకా లోపలికి మెలిదిరిగినట్టుండే ఒక ముగ్గులాంటి గుర్తుకు ఈ పేరు చాలా పాతది. జైనుల అష్టమంగళాల్లో అదొకటి. జైనుల్లో ఒక శాఖవారైన శ్వేతాంబరుల లెక్కలో పద్దెనిమిదో తీర్థంకరుడు అరనాథుడి చిహ్నమూ అదే. అమరకోశం రాసిన అమరసింహుడు ఇళ్ళ కట్టడాలు చెబుతూ స్వస్తికం, సర్వతోభద్రాల పక్కన నంద్యావర్తాన్ని కూర్చోబెట్టాడు. ఆ గుర్తు పేరే సుడి పోలికతో పువ్వుకు వచ్చి ఉంటుంది.

ఇరుగుపొరుగు భాషలు చూస్తే నా నమ్మకానికి బలం దొరుకుతుంది. తమిళులది నందియావట్టం. వాళ్ళకు 'వట్టం' అంటే గుండ్రం. కన్నడిగులది నందిబట్టలు. 'బట్టలు' అంటే వాళ్ళకు గిన్నె, కట్టుకునే బట్టలు కావు. మలయాళులది నంద్యార్‌వట్టం. ఒకరికి గుండ్రం వినిపించింది, ఒకరికి గిన్నె వినిపించింది, మనకు వర్ధనం వినిపించింది. నందివర్ధనుడు మనవాళ్ళ చెవికి కొత్త పేరేమీ కాదు. మహావీరుడి అన్నగారు నందివర్ధనుడు, వాకాటకుల రాజధానుల్లో ఒకటి నందివర్ధనం. పిల్లాపాపలతో వర్ధిల్లమని దీవించే నోటికి 'వర్తనం' కన్నా 'వర్ధనం' హాయిగా పలికింది.

ఇంకో సాక్ష్యం చెప్పకుండా ఉండలేను. మలబారులో డచ్చి పాలకుడిగా ఉన్న వాన్ రీడ్, ఇట్టి అచ్యుతన్ వంటి స్థానిక వైద్యులు చెప్పగా, అక్కడి మొక్కలెన్నిటినో బొమ్మలతో సహా రాయించాడు. ఆ 'హోర్టస్ మలబారికస్' 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో పన్నెండు సంపుటాలుగా అచ్చయింది. అందులో మన పువ్వు పేరు 'నంది ఎర్వటం'. ఆ మలయాళ పేరులోని రెండో సగాన్నే తీసుకుని 1902లో స్టాఫ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 'ఎర్వటామియా' అనే ప్రజాతిని నిలబెట్టాడు. లాటిన్ పేరులో నంది జారిపోయింది, సుడి నిలిచింది! తర్వాతివాళ్ళు దాన్ని మళ్ళీ టబర్నేమోంటానాలో కలిపేశారు. అది 1590లో పోయిన ఒక జర్మన్ వైద్యుడి పేరు మీద పెట్టిన పేరు. ఆ మార్పు నాకు ఇప్పటికీ లోటుగానే తోస్తుంది.

గరుడవర్ధనం గురించి నాది ఊహే. నంది అంటే ఆనందమన్నది మరిచి, శివాలయంలో బసవన్న అనుకున్నాక, శివుడి వాహనానికి ఒక పువ్వుంటే విష్ణువు వాహనానికీ ఒకటి ఉండాలని ఎవరో జత కట్టి ఉంటారు. గరుడుడికి ఆవర్తంతో పని లేదు కదా. అంటే ఆ పేరు పుట్టేనాటికే మనవాళ్ళు 'వర్ధనం' అంటున్నారన్నమాట.

ఈ పువ్వుకు రాత్రిపూట వాసన ఎక్కువ. కళ్ళు మండితే తడిపి రెప్పల మీద పెట్టుకునే వాడుక మీ అత్తగారికి తెలిసే ఉంటుంది. అడవిలో పెద్ద చెట్ల కింద బతికే పొదజాతి కాబట్టి పెరటి గోడ నీడనైనా పూస్తుంది.

ఇక తీర్పు. రాతలో నందివర్ధనం అనే రాయండి, అది స్థిరపడిన రూపం. నందివర్తనాన్ని తప్పని నేను అనను. వ్యుత్పత్తి మీద ప్రేమ ఉంటే నంద్యావర్తం అనీ రాయవచ్చు, కానీ పూలబుట్ట పట్టుకొచ్చే ఆమెకు ఆ మాట తెలియదు. ఈసారి నర్సరీకి వెళ్ళినప్పుడు ఆ చీటీలో థ మధ్య చుక్క మాత్రం చెరిపించండి.